ఎండిన బోరులో నీళ్ల చప్పుడు

2022 ఎండాకాలం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కడినుంచి తరలిపోయిన మరుసటి వేసవి అది. మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం మీద, రెండో అంతస్తులో. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక టేబుల్, మూలన కేబుల్ చుట్టలు, నాలుగు ఇనుప కడ్డీలు, ఒక సుత్తి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ సామాను చూసి కరెంటు పనివాళ్ల షాపుకి వచ్చామేమోనని వెనక్కి తిరుగుతుంటారు. నేను హైడ్రోజియాలజిస్టుని, అంటే భూమి లోపలి నీళ్ల లెక్క చూసే మనిషిని. బోరు ఎక్కడ వేయాలో గుర్తు పెట్టి చూపిస్తాను కాబట్టి జనం మాత్రం 'బోరు పాయింట్ పెట్టే మేడమ్' అంటారు. ఎన్నిసార్లు సరిదిద్దినా ఆ పేరు పోలేదు కాబట్టి నేనూ దానికే పలకడం అలవాటు చేసుకున్నాను.

మాది కృష్ణా కాలువల కింది పల్లె. చిన్నప్పుడు నీళ్లంటే వీధి చివర పారేవి, వాటిని వెతకాలని ఎవరికీ తెలియదు. పెళ్లయి ఇటు వచ్చాకే నీళ్లు రాతిలో కూడా ఉంటాయని అర్థమైంది. ఈ చుట్టుపక్కల నేలంతా గ్రానైటు. పైన కాస్త మట్టి, దాని కింద ఏళ్లతరబడి నాని మెత్తబడిన రాయి. దాన్ని మేము వెదర్డ్ జోన్ అంటాం, పాత బెల్లం దిమ్మెలాగా గిల్లితే రాలుతుంది. ఇంకా కిందికి పోతే ఇనుము లాంటి గట్టి రాయి. ఆ గట్టి రాతిలో అక్కడక్కడా ఫ్రాక్చర్లు, అంటే పగుళ్లు. నీళ్లుంటే ఆ మెత్తరాతిలో ఉండాలి, లేదంటే ఈ పగుళ్లలో ఉండాలి. పాతాళగంగ ఎక్కడో ఏరులా పారుతోందని, అది తగిలేదాకా తవ్వడమేనని నమ్మేవాళ్లతో వాదించీ వాదించీ నా గొంతు ఇలా తయారైంది.

ఏప్రిల్ మొదట్లో యాదిరెడ్డి గారు వచ్చారు. చంపాపేట్‌లో సొంతిల్లు, కింద రెండు వాటాలు కిరాయికి ఇచ్చారు. భారీ మనిషి, మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గేదాకా మాట్లాడలేదు. సంచిలోంచి నాలుగు బత్తాయిలు తీసి టేబుల్ మీద పెట్టారు. నిమ్మకాయలకంటే కాస్త పెద్దవి, అంతే. హయత్‌నగర్ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు కూడా దాటి లోపలికి పోతే వాళ్ల ఊరట. అక్కడ ఆయనకు బత్తాయి తోట ఉంది. మార్కెట్ ఇక్కడ ఉన్న రోజుల్లో ఆ కాయ లారీ దిగగానే బేరం అయిపోయేదని చెప్పుకున్నారు. ఇన్నేళ్లూ ఊళ్లో రైతుల దగ్గర నీళ్లు కొని తోటను నెట్టుకొచ్చారట, ఈ వేసవి అమ్మేవాళ్లు లేరు. ఇప్పుడు చెట్లు ఆకు ముడుచుకుంటున్నాయి. కాపుకొచ్చిన చెట్టు ఒక్క ఎండాకాలం పూర్తిగా ఎండితే ఇక తిరిగి లేవదు. ఈ వేసవి గట్టెక్కకపోతే తోట పీకించి ప్లాట్లు చేసేవాళ్లకు ఇచ్చేస్తానన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, బత్తాయిల వైపు చూశారు.

పొలంలో పాత బావి ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన మొహం గంటుపెట్టుకున్నారు.

"ఉండె మేడమ్. గెట్టవతలాయన బోరేసి ఎండగొట్టిండు."

గెట్టు అంటే పొలం గట్టు, హద్దు. ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. పక్కవాడి బోరు మా నీళ్లు లాగేసిందన్న మాట వినకుండా నాకు వారం గడవదు.

అదే వారంలో మధుసూదన్‌రెడ్డి గారు వచ్చారు. మా సందు చివరే కోచింగ్ పిల్లలకు హాస్టల్ నడుపుతారు. ఆ హాస్టల్ ముందు ఎండాకాలమంతా నీళ్ల ట్యాంకరు ఆగి ఉంటుంది, దాని పక్కనుంచి నేను స్కూటర్ దూర్చుకుని పోవడం మామూలే. ఆయనదీ అదే ఊరట. బీడు పడిన పొలంలో హాస్టల్ వంటకు కూరగాయలు వేయాలని కోరిక, దానికి ఒక పాయింట్ పెట్టాలి. బావి సంగతి అడిగితే అచ్చం అదే మాట. గెట్టవతలాయన బోరేసి ఎండగొట్టిండట. ఊళ్లో ఇదొక ఊతపదం కాబోలు అనుకున్నాను. ఒకే ఊరు కదా, ఒకే రోజు రెండు పనులూ చూసుకుంటే డీజిల్ కలిసొస్తుందని ఇద్దరికీ ఒకే తేదీ ఇచ్చాను.

అక్కడ దిగాక చూస్తే, ఒకాయన గెట్టుకు ఈవైపు, ఇంకొకాయన ఆవైపు. ఇద్దరివీ ఒకే ముక్కులు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే తీరు కూడా ఒకటే. ఒకరినొకరు చూడకుండా ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఏదో తేడా కొట్టింది. యాదిరెడ్డి గారి భార్య పుష్పమ్మ గారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

"అన్నదమ్ములే మేడమ్. ఒక తల్లి కడుపుల పుట్టినోళ్లే. మాటల్లేవు."

మిగతాది ఆవిడే చెప్పుకొచ్చారు. మామగారు తవ్వించిన బావి సరిగ్గా గెట్టు మీద ఉంది. భూమి పంచినప్పుడు బావిని పంచలేదు, నీళ్లకు వంతులు పెట్టారు. ఒక రోజు అన్న యాదిరెడ్డి గారిది, ఒక రోజు తమ్ముడు మధుసూదన్‌రెడ్డి గారిది. బావి ఎండి మళ్లీ ఊరినప్పుడు మొదటి రోజు మాత్రం ఎప్పుడూ చిన్నవాడిదే. దాన్ని వాళ్లు తొల్తవంతు అంటారు. చిన్నవాడు అడగలేడని, పెద్దవాడు ఎలాగైనా తీసుకోగలడని మామగారు అలా పెట్టారట. చాలా ఏళ్లు ఆ పద్ధతి మీదే నడిచింది. తర్వాత తమ్ముడు తన వంతు రోజు కోసం ఎదురుచూడలేక బావి పక్కనే తన వైపు బోరు వేశాడు. అన్న ఊరుకుంటాడా, గెట్టుకు ఈవైపు అంతకంటే లోతుగా వేశాడు. తమ్ముడు మళ్లీ బోరు బండి పిలిపించి తనది ఇంకా దించాడు. రెండింటిలోనూ తొలిరోజు కాసిని నీళ్లు ఎగజిమ్మాయి, ఆ తర్వాత ఏమీ లేదు. బావి కూడా ఆ సంవత్సరమే ఎండింది. నీవల్లంటే నీవల్లని ఇద్దరూ కొట్టుకోబోయారు. అప్పటినుంచి ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు పోలేదు. ఒకరి పేరు ఇంకొకరి నోట్లో రాదు, 'గెట్టవతలాయన' అంతే.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నా డీజిల్ ఆశ నన్ను తీసుకొచ్చి సరిగ్గా గెట్టు మీద నిలబెట్టింది మరి.

సరే, పని మొదలుపెట్టాను. రెసిస్టివిటీ సర్వే అంటే మంత్రమేమీ కాదు. నేలలో కడ్డీలు పాతి కొద్దిగా కరెంటు పంపిస్తాం. ఎండు రాయి దాన్ని అడ్డుకుంటుంది, తడి ఉన్న రాయి పోనిస్తుంది. కడ్డీలను దూరం జరుపుతూ పోతే ఇంకా లోతున ఏముందో తెలుస్తుంది. అసలు నాకు ఆ పొలం దగ్గర మొదటినుంచీ ఒక సంగతి మింగుడుపడలేదు. అంతకుముందు రెండేళ్లూ వానలు దంచికొట్టాయి. ఎల్‌బీనగర్ వైపు కాలనీల్లో మనుషుల్ని పడవల్లో బయటికి తెచ్చారు. ఆ ఊళ్లో మిగతా బావులన్నిటిలో నీళ్లు కనిపిస్తున్నాయి. ఈ ఒక్క బావిలోనే అడుగున పగిలిన బురద. వాన ఈ పొలం మీద మాత్రం పడలేదా?

సర్వేలో ఇంకా విచిత్రంగా వచ్చింది. పొలం ఎగువన మెత్తరాయి చక్కగా తడిసి ఉంది. బావి దగ్గరికి వచ్చేసరికి తడి లేదు. గుమ్మం దాకా వచ్చిన చుట్టం లోపలికి రాకుండా మాయమైనట్టు ఉంది ఆ వ్యవహారం. గెట్టుకు అటూ అదే, ఇటూ అదే. కింద గట్టి రాతిలో ఆశపడేంత ఏమీ లేదు. కొత్త బోరు వద్దని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. మధుసూదన్‌రెడ్డి గారు సరే అనకుండా, కాదనకుండా హాస్టల్‌లో పనుందని వెళ్లిపోయారు. యాదిరెడ్డి గారు మాత్రం నొచ్చుకున్నారు.

"పాయింట్ పెడ్తరని పిలిస్తి మేడమ్. వద్దని చెప్పేటోళ్లు మా ఇంట్లనే మస్తుమంది ఉన్నరు."

అలిగిన పిల్లదానిలా టిఫిన్ డబ్బా తీసుకుని తోటలో ఒక రాతి పలక మీద కూర్చున్నాను. ఆ పలక ఆయన ఎండిన బోరు మీద మూత. పిల్లలు పడిపోకుండా విఫలమైన బోర్లను అలా రాయి పెట్టి మూస్తారు. పలక మీద పసుపు కుంకుమ కనిపిస్తే ఏమిటని అడిగాను. బోరు గాలికి మొత్తుకుంటుందని, ఎండబెట్టినందుకు ఏడుస్తుందేమోనని పుష్పమ్మ గారు అప్పుడప్పుడు కర్పూరం వెలిగిస్తారట. ఎండిన బోర్లలోంచి గాలి చప్పుడు రావడం మామూలే. నేనూ తలాడించి అన్నం కలుపుకున్నాను.

ఇంతలో కరెంటు పోయినట్టుంది, చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అప్పుడు వినపడింది. ఎవరో కుళాయి సరిగ్గా కట్టకుండా వెళ్లిపోయినట్టు చప్పుడు. ముందు నా నీళ్ల సీసా కారుతోందేమోనని చూసుకున్నాను. సీసా బాగానే ఉంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, యాదిరెడ్డి గారి చేత పలక పక్కకు జరిపించి, కేసింగ్ పైపుకి చెవి ఆనించాను. కేసింగ్ అంటే పైమట్టి కూలకుండా బోరు నోట్లో దించే గొట్టం. లోపలినుంచి చల్లటి గాలి చెంపకు తగిలింది. ఆ గాలి వెనకాల, ఎక్కడో కింద, నీళ్లు పడుతున్నాయి. ఊరడం కాదు, చెమ్మ కాదు, ధారగా పడుతున్నాయి.

"గది గాలే మేడమ్," అన్నారు యాదిరెడ్డి గారు. "శాన దినాలసంది గట్లనే మొత్తుకుంటది."

ఎండిపోయిందని రాయి పెట్టి, బొట్టు పెట్టి, కర్పూరం కూడా ముట్టించిన బోరు అది. లోపల జలపాతం!

మర్నాడు హయత్‌నగర్ నుంచి జహంగీర్ భాయిని పిలిపించాను. ఆయన దగ్గర బోర్‌వెల్ కెమెరా ఉంది. చుట్టూ లైట్లున్న చిన్న కెమెరా అది. దాన్ని కేబుల్‌తో బోరులోకి దించుతుంటే లోపలి రాయి పైన టీవీలో కనిపిస్తుంది. ఎండలో తెర కనపడదు కాబట్టి పాతకాలపు ఫొటోగ్రాఫర్లా నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. ఎండిన బోరుకి కెమెరా ఎందుకని జహంగీర్ భాయ్ నా మీద జాలిపడ్డారు. మేడమ్‌కి ఎండ తగిలిందని అనుకుని ఉంటారు.

నల్లగుడ్డ కింద దూరాను. ముందు కేసింగ్ గొట్టం కనిపించింది. గొట్టం అయిపోయింది. దాని కింద మెత్తరాయి, బియ్యప్పిండిలా తెల్లగా, మధ్యలో గులాబీ రంగు నలకలు. ఆ మెత్తరాయి గట్టిరాతిని కలిసే చోట అడ్డంగా ఒక పగులు ఉంది, చూపుడువేలు పట్టేంత. ఆ పగుల్లోంచి నీళ్లు వస్తున్నాయి. అద్దంలాంటి నీళ్లు. రాతి అంచున ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, ధారై, చీకట్లోకి పడుతున్నాయి. కెమెరా లైటు తగిలి ఒక్కో చుక్కా మెరుస్తోంది. అంతవరకు అక్కడ వెలుతురు లేదు. ఆ నీళ్లను మనిషనేవాడు చూడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లుగా నేను నీళ్లను కాగితం మీద గీతల్లోనే చూశాను. తడి అని రాశాను, ఎండు అని రాశాను, ఫీజు తీసుకున్నాను. అది నా కళ్లముందు ఇలా పారుతూ ఉంటుందని, ఇంత అందంగా ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. నల్లగుడ్డ ఉండబట్టి ఎవరూ చూడలేదు.

కెమెరాని ఇంకా దించమన్నాను. ధార కెమెరాతోపాటే కిందికి దిగుతోంది. చాలా లోతున, గట్టి రాతిలో, అరచెయ్యి పట్టేంత ఇంకో పగులు ఉంది. నీళ్లన్నీ దాంట్లోకి పోతున్నాయి. దాని కింద బోరు పొడిగా, దుమ్ముగా ఉంది. అప్పుడు నాకు కథంతా అర్థమైంది. ఎగువనుంచి మెత్తరాతిలో నడిచి బావికి రావలసిన నీళ్లు బోరు దగ్గరికి రాగానే కాలుజారి పడిపోతున్నాయి. బోరు నీళ్లను పైకి తేలేదు సరికదా, కిందికి పోవడానికి దారి చేసిపెట్టింది.

మధుసూదన్‌రెడ్డి గారికి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. పాయింట్ దొరికిందనుకుని హాస్టల్ వదిలేసి ఆదరాబాదరాగా వచ్చారు. ఆయన బోరులోనూ కెమెరా దించాం. అదే లోతులో అదే పగులు, అదే నీరు, కింద అదే నోరు. ఆయన నల్లగుడ్డ కింద ఉండగానే జహంగీర్ భాయ్, పాపం ఈ ఇంటి గొడవ తెలియని మనిషి, గెట్టు అవతల నిలబడిన యాదిరెడ్డి గారిని కేకేశారు. బ్యాటరీ అయిపోవస్తోందట, చూసేదుంటే ఇప్పుడే చూడాలట.

యాదిరెడ్డి గారు పుష్పమ్మ గారి వైపు చూశారు. ఆయన పంచె ఎత్తిపట్టుకుని గెట్టు దాటారు. ఉన్నది ఒక్క తెర, ఒక్క గుడ్డ. అదే గుడ్డ కింద దూరారు.

బయటినుంచి నాకు రెండు వీపులే కనిపిస్తున్నాయి. చేతులు రెండు జతలూ వెనక్కి కట్టుకునే ఉన్నాయి. చివరికి గుడ్డ లోపలినుంచి ఒక గొంతు వచ్చింది.

"గివి నాయిన బావి నీళ్లే."

ఇద్దరి గొంతూ ఒకటే కాబట్టి ఆ మాట ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికి వచ్చాక తమ్ముడు నన్ను అడిగాడు, అవి ఎంతకాలంగా అలా పోతున్నాయని. బోర్లు వేసినప్పటినుంచీ అన్నాను. ఎటు పోతున్నాయని అన్న అడిగాడు. కింద చుట్టుపక్కల లోతైన బోర్లు ఖాళీ చేసిన పగుళ్లలోకి పోతున్నాయి, అక్కడినుంచి ఎవరి మోటారులోకో, ఎవరి ట్యాంకరులోకో పోతాయి, రుజువు అడిగితే నా దగ్గర లేదు అని చెప్పాను. ట్యాంకరు మాట వినగానే మధుసూదన్‌రెడ్డి గారు నేలచూపులు చూశారు. ఆయన హాస్టల్ ముందు ఆగే బండి ఆ దారినే వస్తుంది. అన్న తీసుకున్నాడని తమ్ముడు, తమ్ముడు తీసుకున్నాడని అన్న ఇన్నేళ్లు రగిలిపోయారు. ఆ నీళ్లు ఇద్దరిలో ఒక్కరికీ దక్కలేదు. ఇద్దరూ అది ఒకేసారి చూశారు.

ఇక చేయవలసింది ఒకటే. రెండు బోర్లనూ పూడ్చేయాలి. అడుగున కంకర, దానిపైన బెంటొనైట్ అనే బంకమట్టి, తడి తగిలితే ఉబ్బి సందులేకుండా బిగుసుకుంటుంది. పైన సిమెంటు. ఒకటి పూడ్చి ఒకటి వదిలేస్తే లాభం లేదు, నీళ్లు రెండో దాంట్లోంచి పోతాయి. తమ్ముడికి ఇంకా ఆశ చావలేదు. ఇంకో మూడు వందల అడుగులు దించితే ఆ నీళ్లే అందుతాయి కదా అన్నాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"కుండకి చిల్లు పడితే చిల్లు మూస్తారాండీ, చిల్లులోంచి చెయ్యి పెట్టి నీళ్లు అందుకుంటారా?" అన్నాను.

యాదిరెడ్డి గారు మాత్రం అసలు ప్రశ్న అడిగారు. పూడిస్తే బావిలో నీళ్లు గ్యారంటీగా వస్తాయా అని. వస్తాయని చెప్పాలని నా నోరు ఎంత పీకిందో నాకే తెలుసు. పగుళ్లు నేను గీసినవి కావు కదా. వస్తాయనుకుంటున్నాను, మాట ఇవ్వలేను అన్నాను. రాకపోతే బోర్లు పోతాయి, ఇంకో దారి చూసుకునే వ్యవధి చెట్లకు లేదు, తోట పోతుంది. ఆ సంగతి కూడా దాచలేదు. ఆయన తోటలోకి వెళ్లి ఒక ముడుచుకున్న ఆకును తెంపి, వేళ్లతో విప్పి చూస్తూ నిలబడ్డారు. తిరిగొచ్చి కానియ్యండి అన్నారు. తమ్ముడు కూడా తలూపాడు. కాని ముందు ఎవరిది? అక్కడ మళ్లీ ఇద్దరూ బిగుసుకున్నారు. ముందు పూడ్చినవాడిని రెండోవాడు మోసం చేస్తే?

అప్పటిదాకా మాట్లాడని పుష్పమ్మ గారు అన్నారు, "మామ ఉన్నప్పుడు తొల్త ఎవరిదుండె? సిన్నోనిదే గద. గిప్పుడు గూడ సిన్నోనిదే కానియ్యున్రి."

నీళ్లు తీసుకోవడానికి పెట్టిన వంతు, బోరు వదులుకోవడానికి పనికొచ్చింది. కంకర, బంకమట్టి, సిమెంటు వచ్చిన రోజు మధుసూదన్‌రెడ్డి గారు తన బోరు మీది రాయి తనే జరిపారు. సాయంత్రానికి రెండూ పూడ్చేశాం. పనివాళ్లు వెళ్లిపోయాక పుష్పమ్మ గారు రెండింటి మీదా పసుపు నీళ్లు చల్లారు. నేను ఆ రోజు ఇంటికి వచ్చి భోజనం చేయలేకపోయాను. ఊరికే చెప్పడం కాదు, నా మాట మీద రెండు బోర్లు మట్టిలో కలిసిపోయాయి.

ఆ తర్వాత యాదిరెడ్డి గారు రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవారు. ఏం లేదు మేడమ్ అని పెట్టేసేవారు. అంతే సంభాషణ. ఎండలు ముదిరాయి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. నేను ఫోన్ మోగితే ఉలిక్కిపడే స్థితికి వచ్చాను. ఒక రోజు ఆయన బావి అడుగున బురద రంగు మారిందన్నారు. తర్వాత చెమ్మ అన్నారు. తర్వాత రాళ్ల సందులోంచి బొట్లు బొట్లుగా వస్తోందన్నారు. నేను నమ్మడానికి భయపడ్డాను. మే నెల రెండో వారంలో పుష్పమ్మ గారు ఫోన్ చేసి, ఒకసారి రమ్మని మాత్రం చెప్పారు. గొంతు తేడాగా ఉంది.

వెళ్లేసరికి బావి అంచున యాదిరెడ్డి గారు, పుష్పమ్మ గారు నిలబడి ఉన్నారు. తొంగిచూశాను. నీళ్లు! వాన చుక్క పడలేదు, ఆకాశంలో మబ్బు ముక్క లేదు, నడివేసవిలో బావిలో నడుం లోతు నీళ్లు. రాతి గోడలోంచి పలచగా కారుతూ ఇంకా వస్తున్నాయి. కెమెరాలో పడిపోతూ కనిపించిన నీళ్లే ఇవి, ఇప్పుడు పడిపోకుండా ఆగాయి. రెండేళ్ల కింద పడిన వాన, మెత్తరాతిలో గింజ గింజ మధ్య దూరి నడుస్తూ నడుస్తూ ఇప్పటికి ఇక్కడికి చేరింది. మనం కొత్తగా చేసిందేమీ లేదు, తీసేసిన తలుపును తిరిగి పెట్టామంతే. అరిచి గంతులేయాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఊరుకున్నాను.

కాని అంతలో తోట వైపు తిరిగి చూశాను. ఆకులు చుట్టలు చుట్టుకుపోయాయి, కొన్ని కొమ్మలు బోసిపోయాయి. మోటారు బిగించి ఉంది, పైపులు వేసి ఉన్నాయి, స్విచ్ మాత్రం వేయలేదు. అయ్యా, చెట్లు చస్తుంటే ఏం చూస్తున్నారండీ, మోటార్ వేయండి అని కేకలేశాను. యాదిరెడ్డి గారు కదల్లేదు.

"తొల్తవంతు ఆయనది మేడమ్. జర మీరు ఫోన్ చేసి చెప్పున్రి."

నిన్నటినుంచీ ఇదే వరుస అని పుష్పమ్మ గారు కళ్లొత్తుకున్నారు. స్విచ్ వేయడు, ఫోన్ చేయడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను రాళ్ల సంగతి చూసే మనిషిని, మీ ఇంటి పంచాయితీ పెద్దని కాను, మీ వంతు సంగతి మీరే చెప్పుకోండి అని ఆయన ఫోనే ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు దాన్ని పట్టుకుని చూశారు. నంబరు ఉందో లేదోనని నాకు అనుమానం వచ్చింది. ఉంది. అవతల ఎత్తాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"తమ్మి, నీళ్లొచ్చినయ్. తొల్తవంతు నీది. రా."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినపడింది. యాదిరెడ్డి గారి మొహం పాలిపోయింది. నేను అనవసరంగా తొందరపెట్టానా అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపూ ముగ్గురం బావి చుట్టూ కూర్చున్నాం.

మధుసూదన్‌రెడ్డి గారు బండి గెట్టు మీదే ఆపి దిగారు. హాస్టల్‌లో వడ్డన మధ్యలో లేచి వచ్చినట్టున్నారు, చొక్కా మీద పప్పు మరక ఉంది. ఎవరినీ పలకరించకుండా మెట్ల వెంట బావిలోకి దిగారు. దోసిలితో నీళ్లు తీసి మొహం కడుక్కున్నారు, ఇంకో దోసెడు తాగారు. పైకి వచ్చి గేట్ వాల్వ్ దగ్గర నిలబడ్డారు. అదొక ఇనుప చక్రం. ఒకవైపు తిప్పితే నీళ్లు ఆయన బీడుకు పోతాయి, ఇంకోవైపు తిప్పితే తోటకు. ఆయన బీడులో పెట్టడానికి ఒక్క మొక్క లేదు. అయినా వంతు ఆయనదే, ఆ రోజు ఆ నీళ్లు ఏం చేయాలన్నా ఆయన ఇష్టమే. పుష్పమ్మ గారు కొంగు నోట్లో పెట్టుకున్నారు.

ఆయన చక్రాన్ని తోట వైపు తిప్పారు. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులూ పెట్టి తిప్పారు.

"నా వంతు చెట్లకు పెడ్తున్న, అన్నా. మోటారెయ్యి."

ఆ రోజుదాకా ఆయన నోట ఆ పిలుపు నేను వినలేదు. యాదిరెడ్డి గారు స్విచ్ వేయడానికి వెళ్లి, స్విచ్ కనపడక గోడ తడుముకున్నారు. నీళ్లు మొదటి పాదిలోకి రాగానే మట్టి బుసబుసమని బుడగలు వదిలింది. మేం నలుగురం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. కొన్ని చెట్లు దక్కలేదు, అబద్ధం ఎందుకు. తోట మాత్రం నిలిచింది. ఇప్పుడు బావి ఎంత ఊరితే అంతే తోడతారు, వంతులు మళ్లీ పెట్టుకున్నారు. గెట్టవతల బెండ, బీర వేశారు. హాస్టల్ పిల్లలు రోజూ బీరకాయేనా అని విసుక్కుంటున్నారని మధుసూదన్‌రెడ్డి గారు మా మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా చెబుతుంటారు.

ఈ కేసు ముందు నా పని నీళ్లు ఎక్కడున్నాయో చెప్పడం అనుకునేదాన్ని. ఇప్పుడు నీళ్లు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నాయో, మనం ఎక్కడ దారి తప్పించామో ముందు చూస్తున్నాను. పైన మనం ఎన్ని గెట్లు పోసుకున్నా కింది రాయికి ఒక్కటీ తెలియదు. ఏ పొలానికి పిలిచినా కడ్డీలు దించకముందే అక్కడి ఎండిన బోర్లన్నీ చూపించమంటాను. పలకలు జరిపించి, మోటార్లన్నీ ఆపమని, నేలమీద మోకరించి ఒక్కో దానికీ చెవి ఆనిస్తాను. మేడమ్‌కి ఏదో అయిందని జనం చూస్తుంటారు. చూడనివ్వండి. చాలా బోర్లలో గాలి తప్ప ఏమీ ఉండదు. అయినా ప్రతిసారీ ఊపిరి బిగబట్టే వింటాను.